ఆ కార్కానో మీద వేసిన నింద

పోయిన నెల ఎంవీపీ కాలనీలో ఓ మిత్రుడి ఇంట్లో పదిమందిమి కూర్చుని, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య (1963) మీద ఆలివర్ స్టోన్ 1991లో తీసిన ‘జేఎఫ్‌కే’ చూశాం. మర్నాటికి వైజాగ్ సినిమా గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్: “ఆ డొక్కు ఇటాలియన్ రైఫిల్‌తో, పాడైపోయిన స్కోపుతో, గురి అంతంతమాత్రంగా ఉన్న ఆస్వాల్డ్ 5.6 సెకన్లలో మూడు తూటాలు పేల్చడం అసాధ్యం. సినిమా నిరూపించింది.” ఆస్వాల్డ్ అంటే ఆ హత్య చేశాడని నిందపడ్డవాడు, ఆ ఇటాలియన్ రైఫిల్ పేరే కార్కానో. నాకు ఆ సినిమా చాలా ఇష్టం. కానీ రైఫిల్ గురించి అందులో చెప్పింది నిరూపణ కాదు.

ముందు ఆ 5.6 సెకన్ల సంగతి. ఆ హత్యపై విచారణకి అమెరికా ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ 1964 నాటి నివేదికలో 4.8 నుంచి 5.6 సెకన్లు అని ఉన్నది, తగిలిన రెండు తూటాల మధ్య వ్యవధి. గురి తప్పినది రెండో తూటా అయితేనే మూడూ ఆ వ్యవధిలో పేలినట్టు. తప్పినది మొదటిదో మూడోదో అయితే మొత్తం కనీసం 7.1 నుంచి 7.9 సెకన్లు. ఏది తప్పిందో కమిషన్ తేల్చలేదు. సినిమా మాత్రం అన్నిటికంటే ఇరుకైన లెక్కే పట్టుకుంది.

పోనీ 5.6 అనే అనుకుందాం. గడియారం మొదటి తూటాతో మొదలవుతుంది. ఇసుకతోట, మద్దిలపాలెం, సత్యం జంక్షన్: స్టాపులు మూడు, మధ్య దూరాలు రెండే. అలాగే మూడు తూటాలకి బోల్ట్ (పేలిన తూటా తొట్టిని బయటికి తీసి కొత్త తూటాని ఎక్కించే పిడి) లాగేది రెండుసార్లు. ఎఫ్‌బీఐ ఒక్కోసారికి కనీసం 2.3 సెకన్లు పడుతుందంది. రెండుసార్లకి 4.6. ఏయూలో చదివేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చాను. పైకెత్తు, వెనక్కి లాగు, ముందుకి తొయ్యి, కిందికి దించు. చెయ్యి అలవాటు పడ్డాక ఆలోచించే పనే ఉండదు. ఆ చిన్న రైఫిల్ భుజాన్ని అంతగా తన్నదు కాబట్టి కార్కానోతో సమానమని అనను. కానీ 1967లో సీబీఎస్ టీవీ వాళ్లు ఇంకో కార్కానో తెప్పించి, కదిలే లక్ష్యం మీద 11 మందితో కాల్పించారు. 37 ప్రయత్నాల్లో 17 రైఫిల్ ఇబ్బందుల వల్లే లెక్కకు రాలేదు, అది దాచకూడదు. అయినా ఒకాయన 5.2 సెకన్లలో మూడూ తగిలించాడు. ఒక్కరు చేసినా ‘అసాధ్యం’ అనే మాట నిలబడదు.

“డొక్కు” అన్నది అసలే చెల్లదు. డాలస్‌లో హత్య తర్వాత దొరికిన రైఫిల్‌నే అమెరికా సైన్యం పరీక్షించి, గురిలో తమ సైనిక రైఫిళ్లకి తీసిపోదని కమిషన్ ముందు చెప్పింది.

స్కోపు, అంటే గురి చూడ్డానికి రైఫిల్‌కి బిగించే దుర్భిణి, సరిగా లేదన్నది నిజమే. పరీక్షకు ముందు దాని కింద పలుచని రేకు ముక్కలు పెట్టి సర్దాల్సి వచ్చింది. కానీ అది పక్కకి బిగించినది, రైఫిల్ మీదుండే, గురి చూసే మామూలు ఏర్పాటుకి అడ్డురాదు. ఆఖరి తూటా వెళ్లిన దూరం దాదాపు 81 మీటర్లు. అంత దూరానికి స్కోపు తప్పనిసరి కాదు.

ఆస్వాల్డ్‌కి మెరైన్ దళంలో 1956లో 212 పాయింట్లు, 1959లో 191 వచ్చాయి. రెండోది అర్హతకి ఒక్క పాయింటు ఎక్కువ. అయితే అక్కడ 500 గజాల దాకా కాల్పించేవారు, ఇక్కడ దూరం అంతకంటే చాలా తక్కువ.

కుట్ర ఉందా అనేది వేరే ప్రశ్న, దాన్ని అడగాల్సిందే. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ బహుశా కుట్ర జరిగిందనే రాసింది. అందుకు చూపిన శబ్దాల ఆధారాన్ని 1982లో శాస్త్రవేత్తలు తోసిపుచ్చారు. కానీ కెన్నెడీకి తగిలిన తూటాలు ఆస్వాల్డ్ ఈ కార్కానోతో పేల్చినవేనని ఆ కుట్ర మాట అన్న కమిటీయే రాసింది.