విత్తనం గంజాయి కాదట, మరి ఆ విత్తనం కాసేదెక్కడ?

బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో ఉండే మా మరిది పోయిన వారం ఒక ఫార్వర్డ్ పంపాడు. కింద ఒక్క ముక్క: "వదినా, మొక్కల పిచ్చి నీకే కదా, ఇది నిజమేనా?" రెండు రోజులు తిరక్కుండా అదే మెసేజ్ మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులోకీ వచ్చేసింది. సారాంశం ఇదీ: గంజాయి ఆకులు, విత్తనాలు మన చట్టంలో నేరం కాదు, కర్ణాటక హైకోర్టే చెప్పింది. కాబట్టి ఆడ మొక్క కొమ్మ తెచ్చి నాటుకుని, దాంతోనే ఆడ విత్తనాలు చేసుకోవచ్చు. వచ్చేవి నూటికి నూరు ఆడవే, అన్నీ అచ్చం తల్లిలాంటి మొక్కలే. కిలో లోపయితే ఫైను కట్టి ఇంటికి రావచ్చు. ఉత్తరాఖండ్‌లో సర్కారే పెంచమంటోంది. చివర్లో "లాయర్‌ని అడిగి రాసినది" అని ఓ ముద్ర.

ఆ లాయరెవరో గానీ, వాక్యం సగం చదివి పుస్తకం మూసేసినట్టున్నాడు.

ముందు ఆ ఆకులు, విత్తనాల సంగతి. మత్తుమందుల మీద 1985లో చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం రెండో సెక్షన్‌లో గంజాయి అంటే ఏమిటో రాశారు: ఆ మొక్క పూత తలలు, అంటే కొమ్మల చివర్లలో ఉండే పూల గుత్తులు, లేదా కాయ పట్టిన తలలు. ఆకులూ విత్తనాలూ ఆ తలలతో కలిసి లేనప్పుడు మాత్రం లెక్కలోకి రావు. ఈ మాటలు మనవాళ్లు కొత్తగా కనిపెట్టినవి కావు, 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోవే. ఉత్తరాదిలో హోలీకీ శివరాత్రికీ ఆకు నూరి భంగు తాగే అలవాటు ఈ సందులోంచే బతికింది. ఇంతవరకూ ఫార్వర్డ్ చెప్పింది నిజమే.

కానీ ఆ నిర్వచనం కిందనే ఇంకోటి ఉంది, "గంజాయి మొక్క" అంటే ఏమిటన్నది. దానికి మినహాయింపులేవీ లేవు. ఆ జాతి మొక్క ఏదైనా సరే, మొక్కే. ఆడదా మగదా, పూసిందా లేదా, జానెడుందా నిలువెత్తుందా అని అడగదు. ఎనిమిదో సెక్షన్ ఆ మొక్కను సాగు చేయకూడదంటుంది. అంటే మినహాయింపు పొట్లంలో ఉన్న ఆకుకే గానీ, కుండీలో నిలబడ్డ మొక్కకు కాదు. 2021లో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల పైరు నరికి తగలబెట్టారు కదా, తల వేసిందా వేయలేదా అని ఒక్కో మొక్కనూ చూసి నరికారంటారా?

ఇంకో తిరకాసుంది, నాకు నవ్వొచ్చింది ఇక్కడే. విత్తనాలు చేసుకోవడం తప్పు కాదట. విత్తనం ఎక్కడ కాస్తుంది మరి? వేరుకు కాయదు, ఆకుకు కాయదు. ఆడ పువ్వు మీద పుప్పొడి పడి, ఆ తలలో గింజ కట్టాలి. చట్టం "కాయ పట్టిన తలలు" అన్నది సరిగ్గా దాన్నే. కాబట్టి ఈ ఉపాయం ప్రకారం ఇంట్లో విత్తనాలు చేసేవాడు ముందు మొక్క పెంచిన నేరం, దాని మీద గంజాయి ఉంచుకున్న నేరం, రెండూ చేస్తేనే ఆ "నేరం కాని" గింజ చేతికొస్తుంది. ఎంత చక్కటి దారో చూడండి.

కొమ్మ నాటడం కొత్త సాగు కాదు, పాత మొక్కకు కొనసాగింపే అన్న వాదన కూడా ఆ ఫార్వర్డ్‌లో రాశారు. వేరు పట్టిన కొమ్మ మొక్క కాకపోతే మా మిద్దె మీద గులాబీలూ మందారాలూ ఏమిటో వాళ్లే చెప్పాలి.

హైకోర్టు మాటకొస్తే, 2022లో భంగు ప్యాకెట్లతో పట్టుబడిన ఒకతనికి కర్ణాటక హైకోర్టు బెయిలిచ్చిన మాట వాస్తవం. భంగు ఈ చట్టం నిషేధంలో లేదని అందులో అన్నదీ వాస్తవం. అది ఆకుతో చేసిన సరుకు గురించి ఇచ్చిన బెయిలు ఉత్తర్వు. అందులో కుండీ లేదు, కొమ్మ లేదు, విత్తనాల తయారీ లేదు.

ఇక వృక్షశాస్త్రం. అనంతపురంలో మూడేళ్లు బాటనీ వెలగబెట్టినదాన్ని, ఇక్కడ కాసేపు ఆగుతాను.

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, మన బొప్పాయిలో చూస్తామే, అలా. ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. మొక్కలో ఇథిలీన్ అనే వాయువు ఆడ పూతకు సైగ చేస్తుంది. వెండి లవణాలు ఆ సైగ మొక్కకు అందకుండా అడ్డుపడితే ఆడ మొక్కే మగ పూలు పూస్తుంది. ఆ పుప్పొడిలో వై అనేదే ఉండదు గనక పుట్టేవన్నీ దాదాపుగా ఆడవే. ఇదేమీ రహస్య విద్య కాదు, కీరా దోస విత్తనాలు చేసేవాళ్లు ఏనాటి నుంచో వాడుతున్నదే. అసలు మగ మొక్కల గొడవ మన దేశానికి కొత్త కాదు. 1893-94లో బ్రిటిష్ వాళ్లు వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్, బెంగాల్ పొలాల్లో ఆడ తలలు గింజ కట్టకుండా మగ మొక్కలను గుర్తుపట్టి పీకేయడానికే ప్రత్యేకంగా మనుషులను పెట్టుకునేవారని రాసింది. వాళ్లను గంజాయి డాక్టర్లనేవారట.

సరే, ఆడవే వస్తాయి. "అచ్చం తల్లిలాంటివే" అన్నది మాత్రం అబద్ధం. నాటిన కొమ్మ తల్లికి జిరాక్సు, విత్తనం జిరాక్సు కాదు. బంగినపల్లి టెంక పాతి బంగినపల్లి కాయ తిన్నవాళ్లెవరైనా ఉన్నారా? తన పుప్పొడి తనకే పడ్డా సరే, తల్లిలో జంటగా ఉన్న జన్యువులు విడిపోయి మళ్లీ వేరే జతలు కడతాయి. తల్లిలో బయటపడకుండా దాగి ఉన్న లోపాలు పిల్లల్లో నాలుగింట ఒక వంతుకు బయటపడతాయి. తరం తరానికీ ఇలాగే చేస్తే మేనరికం మీద మేనరికం అన్నమాట. పైగా ఆడవి అనుకున్నవి కూడా ఎండకో నీటి ఎద్దడికో ఒత్తిడి పడితే వాటంతట అవే కొన్ని మగ పూలు వేస్తుంటాయి. "నూటికి నూరు" అన్నవాడు మొక్కను పెంచలేదు, ఫోటో చూశాడంతే. కొమ్మకూ ఒక లోటుంది: తల్లికి ఉన్న తెగులు కొమ్మతో పాటే వస్తుంది. హాప్ లేటెంట్ వైరాయిడ్ అనే, వైరస్ కంటే చిన్నదైన తెగులు కారకం, కోసిన కత్తెర అంచుకు అంటుకుని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుంది. పైకి మొక్క బాగానే కనబడుతుంది.

కిలో లెక్క ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన ముక్క. వెయ్యి గ్రాముల దాకా "తక్కువ పరిమాణం" అన్నది గంజాయి దగ్గర ఉంచుకోవడం, అమ్మడం లాంటి వాటికి. దానికీ ఫైనొక్కటే అని లేదు: ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. మొక్క పెంచడానికి తూకమే లేదు. ఇరవయ్యో సెక్షన్‌లో మొదటి ముక్కే సాగు గురించి: పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. ఒక కుండీ అయినా అదే సెక్షన్. 2024 నవంబరులో ఇదే బెంగళూరులో బాల్కనీ కుండీల్లో గంజాయి పెంచారని ఒక జంటను అరెస్టు చేశారు. పట్టించినవి ఫేస్‌బుక్‌లో వాళ్లు పెట్టుకున్న మొక్కల ఫోటోలే. పోలీసులు చూపిన బరువు 54 గ్రాములు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. తెలిసి తన ఇంట్లో జరగనిచ్చిన యజమాని మీద ఇరవై ఐదో సెక్షన్ ఉంది. తన స్థలంలో ఆ మొక్క దొంగతనంగా పెరుగుతోందని తెలిసీ చెప్పని భూమి హక్కుదారు మీద నలభై ఆరోది ఉంది. పది నెలల అడ్వాన్సు చేతిలో పెట్టుకున్న ఓనరు, తన మెడకు చుట్టుకుంటుందంటే ముందు ఫోన్ చేసేది ఎవరికో ఊహించుకోండి.

ఉత్తరాఖండ్ గురించి రెండు మాటలు చాలు. 2018లో అక్కడ లైసెన్సులు మొదలైంది జనపనారలాంటి నారకోసం, గింజకోసం పెంచే రకానికి, మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ 0.3 శాతం మించకూడదన్న షరతుతో. ఆ రకాన్నే హెంప్ అంటారు. 2021లో ఆహార భద్రతా సంస్థ ఒప్పుకున్నది కూడా తినడానికి వాడే హెంప్ గింజల్ని. ఎక్కడో డెహ్రాడూన్‌లో ఎవరికో ఉన్న లైసెన్సు కుందలహళ్లిలో మన కుండీకి పనికిరాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కుండీ చూసి జనం ఎంత తొందరగా బెదురుతారో నాకు స్వయంగా తెలుసు. పోయిన జూన్‌లో మా మిద్దె మీద నీలం డ్రమ్ములో గోగు వేశాను, ఆకు వేళ్లలా చీలే రకం. రెండో అంతస్తు కుర్రాడు దాన్ని ఫోటో తీసి ఎవరికి పంపాడో ఏమో, సాయంత్రానికి ఓనరు, వాచ్‌మన్‌ను వెంటేసుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఏనమ్మా ఇదు?" అని ముఖం గంటు పెట్టుకుని అడిగాడు. మాట్లాడకుండా ఒక ఆకు తుంచి ఆయన చేతిలో పెట్టాను. ముందు వాసన చూశాడు, తర్వాత కొసన కొరికాడు, పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది. "అయ్యో, పుండి సొప్పు!" అన్నాడు, కన్నడంలో గోగాకు అని. తప్పు ఆయనది కూడా కాదులెండి, గోగు శాస్త్రీయ నామంలో రెండో ముక్కే కన్నాబినస్, అంటే గంజాయిని పోలినది అని.

ఇదంతా మరిదికి వాయిస్ మెసేజ్‌లో చెప్తే, చివరికి వాడడిగింది ఇదీ: "అయితే ఆకు ఒక్కటైనా పెట్టుకోవచ్చా వదినా?"

ఆకు కావాలంటే ఆదివారం రమ్మన్నాను. డ్రమ్ములో గోగు మళ్లీ కోతకొచ్చింది, పచ్చడి చేస్తా.