ఐదు మార్కులు పెడితే చదువుతారా?

నిరుడు తొమ్మిదో తరగతి పుస్తక సమీక్షలు దిద్దుతుంటే సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి, "ఈ కథలోని నీతి నాకు బాగా నచ్చింది" అని. మొదట రాసిన అమ్మాయి 'వృద్ధుడు' అన్న మాటను తప్పు రాస్తే, ఆ తప్పు కూడా వరసగా అందరి నోట్‌బుక్కుల్లోకీ దిగింది. తిట్టబుద్ధి కాలేదు. తెలంగాణలో ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే 20 మార్కుల ఫార్మేటివ్ పరీక్షలో 5 మార్కులు ఈ సమీక్ష లాంటి వాటికే ఉన్నాయి, అవి రావాలంటే పుస్తకం తెరవక్కర్లేదని పిల్లలకు తెలిసిపోయింది.

అదే క్లాసులో అట్ట ఊడిన దెయ్యాల కథల పుస్తకం ఒకటి బెంచీల కింద నుంచి చేతులు మారుతూ తిరిగింది. మధ్యలో రెండు పేజీలు లేవు, వాటిలో ఏం జరిగి ఉంటుందని ఇంటర్వెల్‌లో కొట్టుకున్నంత పని చేశారు. కూడబలుక్కుని చదివే పిల్లాడు, చదువు రాదని మేమంతా వదిలేసినవాడు, తన వంతు కోసం రెండు రోజులు ఆగి మరీ ఇంటికి పట్టుకెళ్లాడు.

ఆ వయసులో మన మాట కన్నా పక్కవాడి మాటే ఎక్కువ పనిచేస్తుంది. బడి బీరువాలో ఉన్నవేమో నీతి కథలు, మహానుభావుల జీవిత చరిత్రలు, అన్నీ పెద్దవాళ్లం మనకు నచ్చి కొన్నవే. పద్నాలుగేళ్ల పిల్లకు భయం కావాలి, క్రికెట్ కావాలి, ఇంట్లో అమ్మానాన్నలు గొడవపడే కథ కూడా కావాలి, ఎందుకంటే అలాంటిది తనకొక్కదానికే కాదని ఎక్కడో ఒకచోట తెలియాలి కదా.

2022 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా 100 రోజుల పఠన కార్యక్రమం పెట్టినప్పుడు 1 నుంచి 9 తరగతుల వరకే పెట్టారు. పదిలోకి వస్తే పుస్తకమంటే ఇక గైడే అని మనమే ఒప్పుకున్నట్టు అయింది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈ ఏడాది సమీక్ష రాయొద్దన్నాను. నచ్చిన పుస్తకం తీసుకోండి, రెండు నిమిషాలు నిలబడి చెప్పండి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, మార్కులు మాత్రం పోవు అన్నాను. మొదట లేచిన పిల్ల "బోర్ సార్, పన్నెండో పేజీలో ఆపేశా" అంది. సాయంత్రం బెల్లు కొట్టాక ముగ్గురు వచ్చి ఆ పుస్తకమే అడిగారు, పన్నెండో పేజీలో ఏముందో చూడాలట.