డిశ్చార్జి విద్వాంసుడు

గోదావరి జిల్లాల వాడికి డిశ్చార్జి అనగానే ఆసుపత్రి గుర్తుకు రాదు, ధవళేశ్వరం గుర్తుకొస్తుంది. నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక. పది లక్షల క్యూసెక్కులు సముద్రం దారి పడతాయి. 175 గేట్లున్నా ఒక్క గేటు దగ్గరా నో డ్యూస్ అడగరు.

ఆసుపత్రి ఆపరేషన్స్ మేనేజరుది సరిగ్గా దీన్ని తిరగేసిన విద్య. అందులో మా మేనల్లుడు అధిరోహించిన శిఖరాలను భావితరాల కోసం నమోదు చేయడం నా ధర్మం.

మావాడు ఆపరేషన్లు చూస్తాడని మా అక్క వీధంతా చెప్పుకుంది. సంబంధాలు క్యూ కట్టాయి. ఒక పిల్ల తండ్రి "గుండెవాండీ, మోకాళ్లవాండీ?" అని అడిగితే, "అన్నీనండి" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

మొదటి మెట్టు పీఆర్వో. బండేసుకుని లంక గ్రామాలు తిరగడం, ఆర్‌ఎంపీల గుమ్మాలెక్కడం, పండక్కి డైరీ, పూతరేకుల డబ్బా, ఆపైన కవరు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమీషన్లు ఇచ్చిపుచ్చుకోకూడదని 2002 నాటి వైద్యమండలి నిబంధనలు ఘోషిస్తున్నాయి. ఇచ్చే మావాడూ డాక్టరు కాడు, పుచ్చుకునే ఆయనా డాక్టరు కాడు. నిబంధనకు చిన్న గీత కూడా పడలేదు.

తర్వాత ఆరోగ్యశ్రీ కౌంటరు. 2007లో మొదలైన ఆ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా నామకరణం జరుగుతోంది. బకాయిలు మాత్రం ఏ పేరు పెట్టి పిలిచినా పలకవు.

మెట్లెక్కేకొద్దీ మావాడి భాష మారింది. పీఆర్వోగా "ముమ్మిడివరం సుబ్బారాయుడు గారు" అనేవాడు. కౌంటర్లో ఆయనే "హెర్నియా కేసు" అయ్యారు. ఇప్పుడు "ఆర్పాబ్" అయ్యారు. అంటే నిండిన మంచానికి రోజుకెంత రాబడి అన్న లెక్కట. "నీ రొయ్యల చెరువులో ఎకరాకి ఎంతని చూసుకోవూ, అదే మావయ్యా" అన్నాడు. చక్కగా అర్థమైంది. కౌంటు రాందే, అంటే రొయ్య సైజుకి ఎదగందే, మేం పట్టుబడి చెయ్యం. వాళ్లూ అంతే.

మొన్న మా బావగారికి మోకాలు మార్చారు. పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద డాక్టరుగారు "ఇంటికెళ్లిపోండి" అన్నారు. ఫార్మసీలో మిగిలిన మందులు వెనక్కివ్వాలి, ల్యాబ్ సంతకం పెట్టాలి, నర్సింగ్ వాళ్లు సమ్మరీ రాయాలి, అది టైపవ్వాలి. సాయంత్రం ఆరైంది. బీమా కంపెనీ మూడు గంటల్లో అనుమతివ్వాలని 2024లో నియంత్రణ సంస్థ ఆదేశించింది కదరా అని నిలదీశాను. జాలిగా చూశాడు.

"మేం కాగితాలు పంపాక కదా మావయ్యా మూడు గంటలు మొదలయ్యేది!"

ఆ ఒక్క వాక్యంతో వాడికి ప్రమోషన్ ఖాయమని అప్పుడే అనుకున్నాను. వచ్చింది కూడా. హైదరాబాదులో క్లస్టర్ హెడ్డు, నాలుగు ఆసుపత్రులు. నిన్న ఇక్కడ రిలీవ్ అవ్వాలి. రాత్రి గౌతమికి టికెట్టు. అక్క పొద్దున్నే దండ, కాజాల డబ్బా పట్టుకెళ్లింది.

సాయంత్రం ఆరింటికి ఫోన్ చేశాను.

"ఫార్మసీ సంతకం ఒక్కటే ఆగింది మావయ్యా. వాడు టీకి వెళ్లాడట."