అరవనోడికి నొప్పేంది?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ బయట కూర్చున్నోళ్లని అడిగినా ఒకే మాట చెప్తారు: లోపల వెంటిలేటర్ మీదున్న మనిషికి నొప్పి లేదు, ఉంటే అరవడా? గొంతులో గొట్టం పెట్టుకుని ఎట్టా అరుస్తాడయ్యా అని పొదిలి నుంచో కావలి నుంచో వచ్చిన ఎవరో ఒకరు అడక్కపోరు గానీ, ఈలోపు సెక్యూరిటీ అతను విజిటింగ్ టైం అయిపోయిందంటాడు.

ఈ సిద్ధాంతానికి నా పూర్తి మద్దతు. మాట్లాడలేని రోగి నొప్పి కొలవడానికి 2001లో ఫ్రాన్స్ వాళ్లొక స్కేలు, 2006లో కెనడా వాళ్లింకో స్కేలు తయారు చేశారు, పనిలేక. కెనడా దాంట్లో మొహం చిట్లించడం, ఒళ్లు కదలడం, కండరాలు బిగుసుకోవడం, వెంటిలేటర్‌కి ఎదురుతిరగడం చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా వేస్తారు, 8కి 3 వస్తే నొప్పి ఉన్నట్టు లెక్క. మన దగ్గర అంత తిప్పలు దేనికి? చేతులు మంచానికి కట్టేస్తే కదలిక సున్నా. మిడజోలం అనే మత్తుమందు ఎక్కిస్తే మొహం ప్రశాంతం. అప్పటికీ కదిలితే వెకురోనియం ఉండనే ఉంది, కండరాలన్నీ పడుకుంటాయి, నాలుగు గళ్లలోనూ నాలుగు సున్నాలు. మిడజోలం నిద్రపుచ్చుద్దే గానీ నొప్పి తియ్యదనీ, వెకురోనియం నిద్ర కూడా పుచ్చదు, కదలకుండా మాత్రమే చేస్తుందనీ, అందుకే ముందు నొప్పికి మందిచ్చి తర్వాతే మత్తు సంగతి చూడాలనీ 2018 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్తాయి. చెప్పనీండి. ఛాతీలో గొట్టం పీకేటప్పుడూ, పక్కకి తిప్పేటప్పుడూ కూడా నొప్పేనంట, ఇంకా నయం, మంచం మీద పడుకోబెట్టడమే నొప్పి అనలేదు.

ఇక ఫెంటనిల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులంటారా, అమ్మో! తాళం, రిజిస్టరు, సంతకాలు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఇట్టాంటి మందుల లైసెన్సుల గొడవ తగ్గించారు గానీ బంధువుల భయాన్ని ఏ పార్లమెంటూ సవరించలేదు. "అలవాటు పడతాడేమో సార్" అంటారు. నిజమే, ఎనభై ఏళ్ల మామ ఎల్లుండి వెంటిలేటర్ పీక్కుని ట్రంకు రోడ్డులో మార్ఫిన్ కోసం తిరిగితే పరువేం కావాలి?

నాదొక చిన్న ప్రతిపాదన. బిల్లులో గ్లోవ్స్ జతలతో సహా లెక్క రాస్తారు కదా, అక్కడే 'నొప్పి పరీక్ష' అని ఒక లైను చేర్చి దానికో రేటు పెట్టండి. రేపట్నుంచి పూటకి నాలుగుసార్లు, అడక్కుండానే కొలుస్తారు.