భయాన్ని నిందించే ముందు

2020 జనవరి 12, ఆదివారం. కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో ఉదయం 7:23 గంటలకు లక్షలాది ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. పికరింగ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఘటన జరిగినట్టు సమాచారం అందిందని, అసాధారణ స్థాయిలో రేడియోధార్మికత ఏదీ బయటికి రాలేదని, దగ్గరలో ఉన్నవారు ప్రస్తుతానికి ఎలాంటి జాగ్రత్తలూ తీసుకోనక్కరలేదని ఆ సందేశం చెప్పింది. నిజానికి అక్కడ ఏమీ జరగలేదు. శిక్షణ వ్యవస్థలో పరీక్ష జరుపుతున్నాననుకున్న ఒక ఉద్యోగి అసలు వ్యవస్థనుంచే హెచ్చరికను పంపడంతో వచ్చిన అనర్థమది. పొరపాటు జరిగిందని చెప్పే రెండో సందేశం ఫోన్లకు చేరడానికి 108 నిమిషాలు పట్టింది. తర్వాతి రెండు రోజుల్లో, రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్ గ్రంథిలో చేరకుండా అడ్డుకునే అయోడిన్ మాత్రలు కావాలంటూ 32 వేలకు పైగా అభ్యర్థనలు వచ్చాయి. మామూలు రోజుల్లో నెలకు వచ్చేవి వంద, రెండు వందలే.

అణు ప్రమాదం వార్త వచ్చిన ప్రతిసారీ జనం ప్రవర్తన మీద పెద్దలు ఇచ్చే తీర్పు ఒక్కటే. ప్రజలకు విజ్ఞానం లేదు, అందుకే బెంబేలెత్తుతారు అని. ఈ తీర్పును మేము అంగీకరించం. ఆ ఆదివారం ఒంటారియో ప్రజలు చేసిన పనిని చూడండి. వాళ్లు రోడ్లమీదపడి పరుగులు తీయలేదు, దుకాణాలు పగలగొట్టలేదు. ప్రమాదం రాకముందే ఇంట్లో ఉంచుకోవలసిన మాత్రను, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తానన్న మాత్రను, తెప్పించుకున్నారు. అంతకన్నా వివేకమైన పని ఏముంది? ‘భయం లేదు’ అన్న మాటను మాత్రం వాళ్లు నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో తెలియాలంటే, ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు, ఎవరి నోట వచ్చిందో గుర్తు చేసుకోవాలి.

1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలండ్ రెండో యూనిట్‌లో ఒక కవాటం తెరుచుకొని, మళ్లీ మూసుకోలేదు. రియాక్టరును చల్లబరచవలసిన నీరు దానిగుండా బయటికి పోతూనే ఉంది. నియంత్రణ గదిలో మాత్రం కవాటం తాలూకు దీపం ఆరిపోయింది. మూసుకోమన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే ఆ దీపానికి తెలుసు. కవాటం నిజంగా మూసుకుందా లేదా అన్నది దానికి తెలియదు. దీపాన్ని, మరికొన్ని మీటర్లను నమ్మిన సిబ్బంది నీరు ఎక్కువైందనుకొని అత్యవసర నీటి సరఫరాను తగ్గించారు. ఇంధనం ఉండే రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. అది కరిగిందన్న సంగతి లోపల ఉన్నవాళ్లకే తెలియని ఆ రోజునే, బయట పరిస్థితి అదుపులో ఉందన్న ప్రకటన వెలువడింది. కొన్ని గంటల్లోనే దాన్ని సవరించుకోవలసి వచ్చింది. రెండు రోజుల తర్వాత, శుక్రవారం, పొగగొట్టం మీదుగా హెలికాప్టర్ నుంచి కొలిచిన ఒక అంకెను, కేంద్రం బయట జనం తిరిగేచోట కొలిచినదిగా వాషింగ్టన్‌లో పొరబడ్డారు. ఐదు మైళ్ల లోపు ఉన్న గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోవడం మంచిదని గవర్నర్ సూచించారు. ఆ సూచన వర్తించేది కొన్ని వేలమందికే. కదిలింది సుమారు 1,40,000 మంది. రెండు రోజులుగా పూటకో మాట విన్న తల్లిదండ్రులు ఐదు మైళ్ల గీతకు అవతల ఉన్నాం కదా అని కూర్చోకపోవడంలో మాకు తప్పేమీ కనిపించదు.

అక్కడ పరిస్థితిని కుదుటపరిచింది ఒక మనిషి మాట. అణు నియంత్రణ కమిషన్ తరఫున వచ్చిన హెరాల్డ్ డెంటన్ తెలిసింది తెలిసినట్టు, మామూలు మాటల్లో చెప్పాడు. రియాక్టరు గురించి ఇకమీదట ఆయన ఒక్కరే మాట్లాడాలని నిర్ణయించాక గందరగోళం తగ్గింది. ఆ ప్రమాదంపై అధ్యక్షుడు కార్టర్ నియమించిన కెమెనీ కమిషన్, ప్రజల ఆరోగ్యానికి కలిగిన అతిపెద్ద హాని మానసిక ఆందోళనేనని తేల్చింది. ఆ వాక్యాన్ని తర్వాత ఎంతోమంది ‘చూశారా, అంతా ఉత్త భయమే’ అనడానికి వాడుకున్నారు. మానసిక ఆందోళన కూడా హానేనని, దానికి పూటకో మాట మార్చిన ప్రకటనలు కారణమని వాళ్లు గుర్తించలేదు.

సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రం సంగతి ఇంకా వేరు. త్రీ మైల్ ఐలండ్‌లో తెలియక తప్పు చెప్పారు. ఇక్కడ తెలిసీ చెప్పలేదు. 1986 ఏప్రిల్ 26, శనివారం తెల్లవారకముందు 1:23 గంటలకు నాలుగో రియాక్టరు పేలింది. అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోనే ప్రిప్యాట్. దాదాపు 49 వేలమంది, చాలావరకు చిన్నపిల్లలున్న యువ కుటుంబాలు. ఉదయం పిల్లలు బడికి వెళ్లారు. వసంతకాలపు ఎండ బాగుంది కాబట్టి చంటిపిల్లల్ని బండ్లలో కూర్చోబెట్టి తల్లులు వీధుల్లో తిప్పారు. ఊళ్లో పెళ్లిళ్లు జరిగాయి. నీళ్ల లారీలు వీధులు కడుగుతుంటే ఎందుకని అడిగినవాళ్లకు జవాబు లేదు. దూరప్రాంతాలకు ఫోన్లు పనిచేయలేదు. బస్సులు, దాదాపు 1,200, మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు గానీ జనాన్ని ఎక్కించుకోలేదు. ముప్పై ఆరు గంటలు! గుర్తింపు పత్రాలు, కాస్త తిండి వెంట తెచ్చుకోండి, ఇది తాత్కాలికమే అన్నారు. వాళ్లలో ఎవరూ మళ్లీ ఆ ఇళ్లలో కాపురం ఉండలేదు.

బయటి ప్రపంచానికి ఆ వార్త చెప్పింది స్వీడన్‌లో ఒక ఉద్యోగి బూట్లు. ప్రమాదస్థలానికి 1,100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో 28వ తేదీ ఉదయం అతను తనిఖీ యంత్రం దాటుతుంటే అలారం మోగింది. ముందు తమ రియాక్టరులోనే ఏదో లీకయిందని వాళ్లు కంగారుపడ్డారు. లోపం తమది కాదని, గాలి ఆగ్నేయం నుంచి వచ్చిందని తేలాక మాస్కోను నిలదీశారు. ఆ రాత్రి సోవియట్ టెలివిజన్ నాలుగైదు వాక్యాల ప్రకటన చదివింది. కీవ్ నగరంలో మే 1 కవాతు యథాప్రకారం జరిగింది, పిల్లలతో సహా. గోర్బచెవ్ టెలివిజన్‌లో ప్రజలతో మాట్లాడేసరికి మే 14 వచ్చింది.

ఆ మౌనం ఎవరిని కొట్టిందో చూస్తే మనసు కలుక్కుమంటుంది. రియాక్టరు నుంచి వెలువడిన అయోడిన్-131 గడ్డి మీద పడింది, ఆ గడ్డిని ఆవులు మేశాయి, పాలు పిల్లలు తాగారు. దాని అర్ధాయువు (అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం) ఎనిమిది రోజులు. అంటే కొన్ని వారాలు తాజా పాలు ఆపితే చాలు, హానిలో పెద్ద భాగం తప్పిపోయేది. దానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. ‘పాలు తాగించకండి’ అన్న ఒక్క మాట ఊరూరా సకాలంలో చేరాలి, అంతే. బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లల్లో 2005 నాటికి 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో చాలావాటికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్ర కమిటీ తేల్చింది. అదే సమయంలో పోలండ్ ఏం చేసింది? మాస్కో నుంచి వివరాలు రాకపోయినా, తన సొంత కొలతలను నమ్మి, ఏప్రిల్ 29 నుంచి పిల్లలకు అయోడిన్ ద్రావణం తాగించడం మొదలుపెట్టింది. మామూలు అయోడిన్‌తో థైరాయిడ్ గ్రంథి ముందే నిండిపోతే రేడియోధార్మిక అయోడిన్‌కు అందులో చోటుండదు. కొద్ది రోజుల్లో కోటికి పైగా పిల్లలకు ఆ మందు అందింది. ప్రజలు బెదిరిపోతారేమో అని అక్కడివారు ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దాచడం ఒక్క సోవియట్ ప్రభుత్వానికే తెలిసిన విద్య కాదు. 1957లో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ రియాక్టరు తగలబడినప్పుడు చుట్టుపక్కల పాలు పారబోయించారు గానీ, దర్యాప్తు నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి మూడు దశాబ్దాలు తీసుకున్నారు. అదే ఏడాది ఉరల్ ప్రాంతంలోని కిష్టిమ్ వద్ద అణు వ్యర్థాల తొట్టి పేలితే సోవియట్ ప్రభుత్వం 1989 వరకు ఒప్పుకోలేదు.

భయం వల్ల హాని లేదని మేము అనడం లేదు. ఉంది, లోతైన హాని ఉంది. చెర్నోబిల్ తర్వాత గ్రీస్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడివారికి అదనంగా సోకిన రేడియేషన్, ప్రకృతి నుంచి మనిషికి సగటున ఏటా అందే 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) కన్నా తక్కువ. గర్భస్థ శిశువుకు హాని చేసే స్థాయికి అది దరిదాపుల్లో కూడా లేదు. అయినా వదంతులు ఊపందుకున్నాయి. వైద్యుల్లోనే కొందరు గర్భం తీయించుకోమని సలహా ఇచ్చారు. 1987 జనవరిలో ఆ దేశంలో జననాలు దాదాపు 23 శాతం పడిపోయాయి. తల్లిదండ్రులు కోరుకున్న గర్భాలే సుమారు 2,500 అలా పోయాయని వైద్య పరిశోధకుల అంచనా. ఆ తల్లుల్లో ఎవరినీ మూఢురాలనడానికి మాకు నోరు రాదు. ‘ఇంత సోకింది, దీనివల్ల బిడ్డకు ప్రమాదం లేదు’ అని అంకెతో సహా, నమ్మదగిన గొంతుతో, వాళ్లకు సకాలంలో చెప్పినవారు లేరు.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన వార్త విని చైనాలో ఉప్పు కోసం జనం ఎగబడ్డారు. అయోడిన్ కలిపిన ఉప్పు కాపాడుతుందన్న వదంతి ఒక్క రోజులో నగరాల్ని చుట్టేసింది. ఒక మాత్రలో ఉండే అయోడిన్ ఉప్పు ద్వారా రావాలంటే కిలోలకొద్దీ ఒకేసారి తినాలి. ఆ ఉప్పే ముందు ప్రాణం తీస్తుంది. ఈ సంగతి వివరంగా చెప్పాక దుకాణాల ముందు రద్దీ తగ్గిపోయింది.

ఫుకుషిమాలోనే రెండు రకాల పాలనా కనిపించింది. రేడియోధార్మిక మేఘం ఎటు పోతుందో లెక్కగట్టే స్పీడీ అనే కంప్యూటర్ వ్యవస్థ జపాన్ ప్రభుత్వం దగ్గర ఉంది. దాని ఫలితాలను మార్చి 23 వరకు ప్రజలకు చెప్పలేదు. నామియె పట్టణవాసులు కేంద్రానికి దూరంగా వెళ్తున్నామనుకొని వాయవ్యంలోని త్సుషిమాకు చేరారు. మేఘం వెళ్లింది అటే. మరోవైపు కేంద్రాన్ని నడిపే కంపెనీ టెప్కో, రియాక్టరు గర్భం కరిగిందన్న మాట వాడటానికి రెండు నెలలు తీసుకుంది. ఆ మాట వాడవద్దని కంపెనీ నాటి అధ్యక్షుడే ఆదేశించినట్టు 2016లో బయటపడింది.

అదే మార్చి 23న టోక్యోలో మంచినీటి అధికారులు ఏం చేశారో చూడండి. ఒక శుద్ధి కేంద్రం నీటిలో లీటరుకు 210 బెకరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) అయోడిన్-131 కనిపించింది. శిశువులకు పరిమితి 100, పెద్దలకు 300. అంకెను అదే రోజు చెప్పేశారు. చంటిపిల్లల పాలపొడి ఈ నీళ్లతో కలపవద్దు, పెద్దలు తాగవచ్చు అని విడమరిచారు. దుకాణాల్లో నీళ్ల సీసాలు ఖాళీ అయిన మాట నిజమే. మర్నాడే శిశువులున్న ఇళ్లకు 2,40,000 సీసాలు పంచారు. అంకె పరిమితి లోపలికి దిగగానే ఆ సంగతీ చెప్పారు. కంగారు రాకుండా ఆపలేకపోయినా, కంగారుపడిన తల్లి చేతికి సీసా అందింది. మేము కోరే పాలన ఇలాంటిదే.

తొందరపాటు తరలింపు ఎంతటి ప్రాణాంతకమో చెప్పిందీ ఫుకుషిమానే. మంచం దిగలేని వృద్ధ రోగులను వైద్య సిబ్బంది తోడు లేకుండా గంటల తరబడి బస్సుల్లో తిప్పారు. కేంద్రానికి దగ్గరలోని ఒక ఆసుపత్రి, దాని అనుబంధ వృద్ధాశ్రమం నుంచి తరలించినవారిలో 40 మందికి పైగా చనిపోయారు. ఆ విపత్తు అనంతర కష్టాలతో ముడిపడినవిగా ఫుకుషిమాలో అధికారికంగా గుర్తించిన మరణాలు 2,300 దాటాయి. రేడియేషన్ వల్ల అక్కడి ప్రజల ఆరోగ్యానికి నేరుగా హాని జరిగినట్టు ఐక్యరాజ్యసమితి శాస్త్ర కమిటీకి ఆధారాలు దొరకలేదు. ఎవరిని కదిలించాలి, ఎవరిని తలుపులు మూసుకొని ఇంట్లోనే ఉండమనాలి అన్నది ముందే సాధన చేసి ఉంచుకోవలసిన నిర్ణయం. సైరన్ మోగాక ఆలోచించేది కాదు.

ప్రజలను మేము పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. ఫుకుషిమా నుంచి వచ్చిన పిల్లలను కొత్త బడుల్లో తోటివారు ‘క్రిమి’ అని పిలిచి వేధించారు. 2023 ఆగస్టులో శుద్ధిచేసిన నీటిని సముద్రంలోకి వదలడం మొదలయ్యాక, ఏ పాపమూ ఎరగని అక్కడి హోటళ్లకు, దుకాణాలకు విదేశాల నుంచి వేలకొద్దీ వేధింపు ఫోన్లు వచ్చాయి. రేడియేషన్ సోకిన మనిషి అంటురోగి కాడు. ఇల్లు పోగొట్టుకున్నవాడి పక్కన కూర్చోవడానికి జంకడాన్ని భయమని క్షమించలేం. అది క్రూరత్వమే.

పత్రికలకూ ఇందులో భారం ఉంది. 2011 మార్చి 27న ఫుకుషిమా రెండో యూనిట్ నేలమాళిగ నీటిలో రేడియోధార్మికత మామూలు కన్నా కోటి రెట్లు ఉందని కంపెనీ ప్రకటించింది. ప్రపంచమంతా పతాక శీర్షికలు వెలిశాయి. ఆ రాత్రికే, కాదు, లక్ష రెట్లు అని సవరించారు. సవరణ లోపలి పేజీల్లోకి పోయింది. ‘రెట్లు’ అన్న మాట దేనికి రెట్లో చెప్పకపోతే అచ్చుకు పనికిరాదు.

అణు విద్యుత్తు కావాలా వద్దా అన్న వాదన వేరు. ఎటువైపు ఉన్నవారైనా ఒక విషయంలో కలవాలి. కేంద్రం చుట్టూ ఉన్న కొలత పరికరాల అంకెలు కంపెనీ అనుమతి లేకుండానే, ప్రతి గంటా, ఎవరైనా చూసేలా ఉండాలి. స్విట్జర్లాండ్ అణు కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఉన్న ఇళ్లకు అయోడిన్ మాత్రలు ముందుగానే పంచి ఉంచుతుంది. అక్కడ ఎవరూ బెంబేలెత్తలేదు. ఆ మాత్ర రేడియోధార్మిక అయోడిన్ సోకకముందు, లేదా సోకిన కొన్ని గంటల్లోపు వేసుకుంటేనే గుణమిస్తుంది. ప్రమాదం జరిగిన రోజున పంపిణీ మొదలుపెడితే ఎవరికి అందుతుంది?

ఇలాంటి వార్త మళ్లీ వచ్చిన రోజున మా పత్రిక ఒక అంకె అచ్చువేస్తే, దాని పక్కనే సురక్షిత పరిమితిని, కొలిచిన చోటును, కొలిచిన వేళను, కొలిచిన సంస్థ పేరును అచ్చువేస్తుంది. అవి ఇవ్వకుండా ‘భయపడనక్కరలేదు’ అని మాత్రమే చెప్పే ప్రకటన వస్తే దాన్నీ ప్రచురిస్తాం. ఏయే వివరాలు అడిగాం, ఏవి ఇవ్వలేదు అన్నది దాని కిందే, అదే సైజు అక్షరాల్లో ఉంటుంది.