నాయనమ్మ బొమ్మ: ముఖమా, కొంగు ముడా?

నాయనమ్మ సంవత్సరీకానికి నేను వేసిన బొమ్మ మీద మా బాబాయికీ నాకూ జరిగిన వాదన ఇది. బాబాయి తెనాలిలో ముప్పై ఏళ్లుగా ఆయిల్ పోర్ట్రెయిట్లు వేస్తున్నాడు. నాది మిక్స్‌డ్ మీడియా, అంటే రంగు, బొగ్గు, గుడ్డ, కాగితం, ఫొటో అన్నీ ఒకే బోర్డు మీద.

బాబాయి: మనిషి బొమ్మంటే ముఖం. అది కుదిరితే వెనకాల ఉత్త రంగు పూసి వదిలేసినా సరిపోతుంది. నువ్వేమో అమ్మ మంగళగిరి చీర కత్తిరించి అతికించావు, వెనక పాల లెక్కల కాగితాలు అంటించావు. ఇంక చూపు ముఖం మీద నిలిచేదెట్లా?

నేను: నాయనమ్మని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది కొంగు చివర ముడి బాబాయ్. బస్సు చార్జీ, మా చాక్లెట్ డబ్బులు అన్నీ అందులోనే కదా. బీరువాలో చీర తీస్తే ఆ ముడి అట్లాగే ఉంది, లోపల రూపాయి బిళ్ళతో సహా. జిగురుకి ఆగలేదని సూదీ దారంతో బోర్డుకి కుట్టాను. నువ్వు ఎంత బాగా వేసినా అది ముడి బొమ్మే, ఇది ఆవిడ చేత్తో వేసుకున్న ముడి.

బాబాయి: గుర్తులు దాచుకోడానికి బీరువా ఉందిగా. మన పని చూసి వెయ్యడం.

నేను: 1912లోనే పికాసో కుర్చీ అల్లిక అచ్చున్న ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాస్‌కి అంటించి చుట్టూ తాడు బిగించాడు. అది వస్తువుల బొమ్మ అంటావా, అయితే ఎన్‌జిడెకా అకున్యిలి క్రాస్బీ అనే చిత్రకారిణిని చూడు. నైజీరియాలో పుట్టింది, ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. ఇంటి ఫొటోలు, నైజీరియా పత్రికల్లో బొమ్మలు ఎసిటోన్ అనే, సిరాని కరిగించే ద్రవంతో కాగితం మీదికి దించుతుంది. దూరం నుంచి గదిలో మనిషే కనిపిస్తాడు, దగ్గరికెళ్తే గోడల్లో, నేలలో, బట్టల్లో ఎన్నో చిన్న చిన్న ముఖాలు. ఒక మనిషి వెనక ఎంత మంది ఉంటారో అలా చూపించడం ఒట్టి ముఖంతో అవుతుందా?

బాబాయి: ఆవిడ అసలు మనిషి ముఖం ఎలా వేస్తుంది?

నేను: చాలావాటిలో చేత్తోనే, రంగులతో.

బాబాయి: మరి! నేను అంటున్నదీ అదే. ఇంకోటి, ఆ లెక్కల కాగితం చవక రకం, పసుపెక్కుతుంది. వానాకాలం బూజు పట్టిందంటే చీరా పోతుంది.

నేను: రెండు వైపులా యాక్రిలిక్ మీడియం, అంటే ఆరితే పారదర్శకమైన పొరలా గట్టిపడే జిగురులాంటిది, పట్టించాను. అయినా పసుపెక్కుతుంది, ఆ సంగతి ఒప్పుకుంటాను.

బాబాయి: సరే, ఇలా రా. అమ్మకి ఏ కన్ను చిన్నది?

నేను: కుడిది.

బాబాయి: నువ్వు ఎడమది వేశావు.

నిజమే. రేషన్ కార్డు ఫొటోని పెద్దది చేసి, జెరాక్స్ తీసి, మీడియం పూసిన బోర్డు మీద బోర్లా అంటించి, ఆరాక తడిపి కాగితం రుద్ది తీసేశాను. ఈ పద్ధతిలో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ముందే తిప్పి జెరాక్స్ తీయించాల్సింది, మర్చిపోయాను. దాని మీదే రంగు వేసుకుంటూ పోయాను. రెండు నెలలు రోజూ ఆ ముఖం చూస్తూ కూడా కనిపెట్టలేదు, బాబాయి పది నిమిషాల్లో పట్టేశాడు. కడుపులో తిప్పినట్టయింది.

నేను: రేపు పొద్దున్నే కూర్చుంటావా బాబాయ్? వేసేది నేనే, నువ్వు పక్కనుండి చెప్పు.

బాబాయి: కళ్లు రెండూ గీకి మళ్ళీ మొదలుపెట్టు. ఆ ముడి జోలికి మాత్రం వెళ్లకు.