సవరణ: డిక్కీలో ఫ్రిజ్‌కి 1 స్క్వేర్ ఎంఎం వైరు చాలదు

సూర్యలంక లాంటి చోట రాత్రి కారులోనే బస చేసేవాళ్ల కోసం 12 వోల్టుల ఫ్రిజ్ గురించి పెట్టిన పోస్టులో, బానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుందని రాశాను. అది తప్పు. వైరు వేడెక్కదన్నది నిజమే గానీ, వోల్టేజీ పడిపోతుంది.

రాగి వైర్ల నిరోధం పట్టికల ప్రకారం లెక్క ఇదీ. 5 మీటర్ల దూరమంటే పోనూ రానూ 10 మీటర్ల వైరు. 5 ఆంపియర్లు పారితే 1 స్క్వేర్ ఎంఎంలో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 6 స్క్వేర్ ఎంఎంలో అయితే 0.15. బ్యాటరీ దగ్గర 12.0 ఉన్నా సన్న వైరులో ఫ్రిజ్‌కి అందేది 11.1 మాత్రమే. కారు బ్యాటరీ దిగిపోకుండా, వోల్టేజీ తగ్గగానే ఫ్రిజ్‌ని ఆపేసే ‘బ్యాటరీ రక్షణ’ సెట్టింగు ‘హై’లో ఉంటే చాలా ఫ్రిజ్‌లు ఆ చుట్టుపక్కలే ఆగిపోతాయి. చార్జి ఉండగానే పాలు, చేపలు పాడవుతాయన్నమాట. అలాగని ‘లో’కి మార్చకండి, బ్యాటరీ మరీ దిగిపోయి పొద్దున్నే కారు స్టార్టవకపోవచ్చు.

6 వేయండి, 4 కన్నా తగ్గొద్దు. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి. ఫ్రిజ్ దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు. ఆటోనగర్‌లో కొనేటప్పుడు వైరు కొస గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూత వేసిన అల్యూమినియం, వద్దు.

బిగించాక, కంప్రెసర్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా ఫ్రిజ్ దగ్గరా మల్టీమీటరుతో కొలవండి. తేడా 0.3 దాటితే ముందు సాకెట్‌ను అనుమానించండి. స్ప్రింగు వదులైతే ప్లగ్గు కొస చేతికి వేడిగా తగులుతుంది.